నైలు నది బొమ్మ చేశాం, మూసీ పేరు తెలియదు: మా ఇంటర్నేషనల్ స్కూలు యాజమాన్యానికి, విద్యాశాఖకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన స్కూలు చైర్మన్ గారికి, ప్రిన్సిపల్ గారికి, ప్రైమరీ కోఆర్డినేటర్ గారికి, అలాగే జిల్లా విద్యాశాఖాధికారి గారికి నమస్కారం.

నేను మీ స్కూల్లో మూడో తరగతి చదువుతున్న ఎనిమిదేళ్ల పాప తల్లిని. స్కూలు పేరు ఇక్కడ రాయడం లేదు. భయపడి కాదు (కొంచెం భయం కూడా ఉందనుకోండి, పాప ఇంకా అక్కడే చదువుతోంది కదా), హైదరాబాద్‌లో కోకాపేట నుంచి కొంపల్లి దాకా ఇలాంటి స్కూళ్లలో పిల్లల్ని వేసినవాళ్లు ఎవరు చదివినా ఇది మా స్కూలు గురించే అనుకుంటారని తెలుసు కాబట్టి.

ముందు మంచి మాట చెప్పేస్తాను, అది నిజం కూడా. మా పాప పొద్దున్నే ఏడవకుండా బస్సెక్కుతుంది. ప్రశ్న అడిగితే టీచర్లు కసురుకోరు. నేను చదివిన బడిలో ప్రశ్న అడిగే ముందు సారు చేతిలో బెత్తం ఉందో లేదో చూసుకునేవాళ్లం. ఆ భయం లేకుండా నా బిడ్డ చదువుకుంటోంది, అందుకు మీకు థ్యాంక్స్.

మరి బయటికి ఎందుకు రాస్తున్నానంటే, లోపల రాయాల్సినవన్నీ రాయడం అయిపోయింది. ఆగస్టులో మెయిల్ పెట్టాను. మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు అని రెండు లైన్ల జవాబు వచ్చింది, అది దానంతటదే వెళ్లే మెసేజ్ అని అడుగున చిన్న అక్షరాల్లో రాసి ఉంది. దసరా సెలవులకు ముందు పేరెంట్స్ మీటింగులో అడిగితే కోఆర్డినేటర్ గారిని కలవమన్నారు. ఆవిడ నవ్వుతూ, ఇక్కడి పద్ధతి మీద నమ్మకం పెట్టుకోండి అన్నారు. సెలవులయ్యాక మా సెక్షన్, పక్క సెక్షన్ కలిపి 31 మందిమి సంతకాలు పెట్టి ఆఫీసులో ఒక కాగితం ఇచ్చాం. దానికి జవాబు రాలేదు. కానీ మర్నాటికల్లా క్లాసు వాట్సాప్ గ్రూపులో అడ్మిన్లు తప్ప ఎవరూ మెసేజ్ పెట్టే వీలు లేకుండా చేశారు. అదే మీ జవాబు అనుకున్నాం.

ఇంతకీ మా బాధ ఏమిటో ఒక బస్టాండు దగ్గర మొదలుపెట్టి చెప్తాను.

దసరాకు ఊరెళ్లాం. మా అత్తగారిది సూర్యాపేట దగ్గర పల్లెటూరు. కారు రిపేరుకు ఇచ్చి ఉండటంతో ఎంజీబీఎస్ బస్టాండుకు వెళ్లి బస్సు కోసం నిలబడ్డాం. పాపకు బస్టాండు చూడటం అదే మొదటిసారి. వచ్చే బస్సుల్ని నోరు తెరుచుకుని చూస్తోంది. మన బస్సు ఏదో నువ్వే చెప్పు, బోర్డు మీద సూర్యాపేట అని ఉంటుంది అన్నాను. బస్సు వచ్చింది. ‘సూ’ పట్టుకుంది. ‘ర్యా’ దగ్గర ఆగిపోయింది, ర కింద ఆ వంకర ఏంటమ్మా అంది. ఒత్తులు దానికి ఇంకా ఎవరూ చెప్పలేదు. ఈలోగా పక్కనే మొక్కజొన్న కంకి కొరుకుతున్న పిల్లాడు, దీని వయసే ఉంటుంది, ‘సూర్యాపేట, వయా చౌటుప్పల్, నకిరేకల్’ అని గడగడా చదివేసి వాళ్లమ్మ కొంగు పట్టుకుని లాక్కుంటూ ఎక్కేశాడు.

బస్సు బస్టాండు వంతెన మీదికి వచ్చింది. పాప కిటికీలోంచి కిందికి చూసి ముక్కు మూసుకుని, ‘అమ్మా, ఈ డ్రైన్ పేరేంటి?’ అంది. మా అత్తమ్మ వెంటనే అందుకుంది: ‘డ్రైనేంటే, మూసీ! మన పొలానికి కాలవలో వచ్చేవి ఈ నీళ్లే.’ పాప నమ్మలేదు, నానమ్మ జోక్ చేస్తోందనుకుంది. నాకు మాట రాలేదు. ఎందుకంటే అంతకు రెండు వారాల ముందే రాత్రి పదకొండున్నర దాకా నేల మీద కూర్చుని, థర్మాకోల్ షీటుకు నీలం రంగు పూసి, ఫెవికాల్ మీద ఇసుక జల్లి, పక్కన కాగితం పిరమిడ్లు నిలబెట్టి, నైలు నది బొమ్మ చేసింది నేనే. పాప పక్కనే నిద్రపోతోంది. దానికి మీ దగ్గర్నుంచి ‘ఎక్సలెంట్ ఇంక్వైరీ’ అని స్టిక్కర్ వచ్చింది. ఆ యూనిట్, అంటే పాఠం పేరు, నదులు మనుషుల జీవితాన్ని ఎలా మలుస్తాయి.

మా స్కూల్లో నడిచేది ఐబీ, అంటే ఇంటర్నేషనల్ బాకలారియేట్ అనే సంస్థ పద్ధతి. దాని గురించి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఈ సంస్థ 1968లో జెనీవాలో మొదలైంది. ఉద్యోగాల మీద దేశాలు మారే కుటుంబాల పిల్లలకు ఎక్కడికెళ్లినా చదువు తెగిపోకూడదని పుట్టిన ఆలోచన అది. చిన్నపిల్లల కోసం ప్రైమరీ ఇయర్స్ ప్రోగ్రామ్ 1997లో వచ్చింది. అందులో సైన్సు, సోషలు అని గోడలు కట్టకుండా ఆరు పెద్ద విషయాల చుట్టూ పాఠాలు అల్లుతారు: మనమెవరం, మనం ఎక్కడ ఏ కాలంలో ఉన్నాం, మన మనసులో మాట ఎలా బయటపెడతాం, ప్రపంచం ఎలా పనిచేస్తుంది, మనుషులు కలిసి పనులెలా నడుపుకుంటారు, ఈ భూమిని అందరం ఎలా పంచుకుంటాం. వినడానికి ఎంత బాగుందో కదా. నాకు నిజంగానే నచ్చింది, అందుకే చేర్పించాను. మా తగువంతా ఆ రెండో దానితోనే. ‘ఎక్కడ’ అని అడిగితే మీ మూడో తరగతిలో జవాబు ఈజిప్టు అవుతుంది, వెనిస్ అవుతుంది, ఒకసారి అంటార్కిటికా కూడా అయింది. హైదరాబాద్ మాత్రం ఇంతవరకు కాలేదు.

దీనివల్ల మా ఇళ్లల్లో ఏం జరుగుతోందో ఒక్కొక్కటిగా రాస్తున్నాను.

1. పిల్లలు తాము ఉండే చోటు తప్ప అన్నీ నేర్చుకుంటున్నారు.

నదులు మనుషుల్ని ఎలా మారుస్తాయో చెప్పడానికి ఈ ఊరికంటే మంచి పాఠం ఎక్కడ దొరుకుతుంది? 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని మింగింది. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఇప్పటికీ ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారని చెప్తారు. మళ్లీ అలాంటి వరద రాకుండా ఏం చేయాలో చెప్పమని ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆ తర్వాతే 1920లో గండిపేట, అంటే ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ కట్టారు. ఈ రెండు చెరువులూ మీ స్కూలు నుంచి బస్సులో అరగంట. నది పుట్టే అనంతగిరి కొండలు పొద్దున వెళ్తే సాయంత్రానికి తిరిగొచ్చే దూరం. అదే నది మా అత్తగారి ఊరి వైపు ప్రాజెక్టై పొలాలు తడిపి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మొదలు, మధ్య, చివర అన్నీ ఉన్న కథ. వాసన కూడా ఉంది. ఎందుకింత కంపు కొడుతోంది అని అడిగితే ఎనిమిదేళ్ల పిల్లకు అంతకంటే పెద్ద ఇంక్వైరీ ఇంకేం కావాలి? మీరు ఈ టర్మ్‌లో పిల్లల్ని ఫీల్డ్ ట్రిప్‌కు ఎక్కడికి తీసుకెళ్లారంటే, మాల్‌లో ఉన్న మంచు పార్కుకు.

ఇంకా చిన్నవి చాలా ఉన్నాయి, నవ్వొస్తుంది కానీ చెప్పాలి. రుతువులు గీయమని ఇచ్చిన వర్క్‌షీట్‌లో నాలుగే గళ్లున్నాయి, స్ప్రింగ్, సమ్మర్, ఆటమ్, వింటర్. పాప ఆటమ్‌లో ఎర్రటి ఆకులు రాలుతున్న చెట్టు గీసింది, అలాంటి చెట్టు అది ఎప్పుడూ చూడలేదు. వానాకాలానికి అసలు గడే లేదు. ఆ రోజు బయట ఎలాంటి వాన అంటే స్కూలు బస్సు గంటన్నర ఆలస్యంగా వచ్చింది. డబ్బు లెక్కల వర్క్‌షీట్‌లో పెన్నీ, నికెల్, డైమ్, క్వార్టర్. ఇరవై అయిదు సెంట్లు అంటే క్వార్టర్ అని పాప ఠక్కున చెప్తుంది. కిందికి పంపి, యాభై రూపాయల నోటిచ్చి, బ్రెడ్డు తీసుకుని మిగిలిన చిల్లర లెక్కపెట్టి తీసుకురా అంటే షాపాయన ఎంతిస్తే అంత తెస్తుంది. ఆయన మంచివాడు కాబట్టి సరిపోయింది. ఈ షీట్లు ఎవరో అమెరికా టీచరు తన క్లాసు పిల్లల కోసం చేసుకున్నవని, మీ వాళ్లు ప్రింటు తీసి పంచారని చూడగానే తెలిసిపోతుంది. ఆ టీచరుది తప్పు కాదు, ఆవిడ తన పిల్లలకు వాళ్ల చిల్లర గురించే చెప్పింది. మేం అడిగేది కూడా అదే.

2. తెలుగు.

దీని మీద ఎక్కువ రాస్తాను, క్షమించండి. తెలంగాణలో ఒకటి నుంచి పదో తరగతి దాకా అన్ని స్కూళ్లలో, ఏ బోర్డయినా సరే, తెలుగు తప్పనిసరిగా నేర్పాలని 2018లో చట్టం వచ్చింది. ఐబీ వాళ్ల రూలు కూడా ఏడేళ్ల నుంచి పిల్లలకు ఇంకో భాష నేర్పాలనే చెప్తుంది, ఇంటి భాషను నిలబెట్టమని కూడా అంటుంది. అంటే రెండు వైపుల నుంచీ దారి మీకు తెరిచే ఉంది. మీ టైంటేబుల్లో ఉన్నది, ఫ్రెంచికి వారానికి నాలుగు పీరియడ్లు, తెలుగుకు రెండు. ఆ రెండింట్లో ఒకటి స్పోర్ట్స్ డే ప్రాక్టీసు వచ్చినా, అసెంబ్లీ వచ్చినా ఎగిరిపోతుంది. తెలుగు మేడమ్‌కు సొంత క్లాసురూమ్ లేదు, భుజాన సంచి వేసుకుని సెక్షన్ సెక్షన్‌కూ తిరుగుతూ ఉంటారు. పుస్తకం కూడా లేదు, జిరాక్స్ కాగితాలు. జూన్‌లో అచ్చులు, జూలైలో హల్లులు, ఆగస్టులో గుణింతాలు సగం, తర్వాత యాన్యువల్ డే వచ్చిందని బతుకమ్మ పాటకు డాన్స్ నేర్పించి దాన్నే తెలుగు కార్యక్రమంగా చూపించారు. పాటలో ఒక్క ముక్కకైనా అర్థం తెలుసా అని అడిగితే పాప ‘స్టెప్స్ తెలుసు’ అంది.

మా అత్తమ్మ ఐదో తరగతి చదివింది. పొద్దున్నే పేపరు తిరగేసి పెద్దక్షరాలన్నీ చదువుతుంది, పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని చదివించాలని ఆశ. నాలుగు రోజులు చూసి వదిలేసింది. ఇప్పుడు ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండి మాట్లాడుకునేది ‘అన్నం తిన్నావా’, ‘నో నానమ్మా’, అంతే. నానమ్మకు ఇంగ్లిష్ రాదు, మనవరాలికి తెలుగులో కథ వినేంత ఓపిక లేదు, ఎందుకంటే సగం మాటలు అర్థం కావు. మీ హాల్లో గోడ మీద పెద్ద అక్షరాలతో ‘కమ్యూనికేటర్’ అని పిల్లల్లో ఉండాల్సిన పది గుణాల్లో ఒకటిగా రాసిపెట్టారు. రోజూ ఆ గోడ పక్క నుంచే లోపలికి వెళ్తుంది నా కూతురు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ బస్టాండు పిల్లాడిని చూసి బయటి బళ్లన్నీ బాగున్నాయని నేను అనడం లేదు. దేశంలో పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగేవాళ్లు 27 శాతమేనని, పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువు చూసే అసర్ 2024 సర్వే చెప్పింది. అది దేశం మొత్తానికీ దిగులు పడాల్సిన సంగతి. కానీ అక్కడ టీచర్లు చాలరు, గదులు చాలవు అని కారణాలు చెప్పుకోవచ్చు. ఇరవై నాలుగు మందికి ఇద్దరు టీచర్లు, ఏసీ, స్మార్ట్ బోర్డు ఉన్న చోట ఒత్తులు రాకపోవడానికి ఏం కారణం చెప్పుకోవాలి?

3. లెక్కలు, రిపోర్టు కార్డు.

మార్కులు లేవు, సంతోషం. వాటి బదులు నాలుగు మాటలున్నాయి: బిగినింగ్, డెవలపింగ్, అచీవింగ్, ఎక్స్‌టెండింగ్. మా పాపకు లెక్కల్లో అచీవింగ్ (రావాల్సినంత వచ్చేసినట్టు) అని వచ్చింది. ఇంట్లో 403 లోంచి 178 తీసేయమన్నాను. 375 అని రాసింది. ఎలా వచ్చిందో చూస్తే, నాలుగులోంచి ఒకటి మూడు, సున్నాకూ ఏడుకూ తేడా ఏడు, మూడుకూ ఎనిమిదికీ తేడా అయిదు. ప్రతిచోటా పెద్ద అంకెలోంచి చిన్నది తీసేసింది. పక్క నుంచి అప్పు తెచ్చుకోవాలని దానికి తెలియదు. జవాబు 225 అని చెప్తే, ‘కానీ మా టీచర్ నా స్ట్రాటజీ బాగుందన్నారు’ అని ఏడ్చింది. మర్నాడు కాలనీలో ఇంకో ముగ్గురు పిల్లల్ని అదే లెక్క అడిగాను. ఇద్దరిది 375.

ఎక్కాల మీద మీకూ మాకూ వాదన ఉంది, ఒప్పుకుంటాను. ఇరవయ్యో ఎక్కం దాకా అరుస్తూ బట్టీ పట్టించమని నేను అనను. ఏడెనిమిదులు యాభై ఆరు ఎందుకయిందో చుక్కలు గీసి చూపించడం మంచి పనే. కానీ చుక్కలు గీయడం అయ్యాక అది నోటికి రావాలి కదా. ప్రతిసారీ యాభై ఆరు చుక్కలు గీసుకుంటూ కూర్చుంటే రేపు భాగాహారం వచ్చినప్పుడు పిల్ల గతేంటి? మా అత్తమ్మ పప్పు ఏరుతూ ‘రెండు రెళ్లు నాలుగు, రెండు మూళ్లు ఆరు’ అని రాగం తీస్తుంటే పాప ఆ రాగం పట్టుకుని వారంలో రెండో ఎక్కం, మూడో ఎక్కం చెప్పేసింది. బట్టీ అంటారా, అనండి.

కేంద్ర ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమంలో మూడో తరగతి అయ్యేసరికి పిల్లలకు ఏం రావాలో రాసిపెట్టారు. అర్థం చేసుకుంటూ నిమిషానికి కనీసం 60 పదాలు చదవాలి, 9999 దాకా అంకెలు చదవాలి, రాయాలి, మామూలు గుణకారం లెక్కలు చేయగలగాలి. ఆకాశంలో ఉన్న లక్ష్యాలేం కాదు. ఏ తల్లికైనా చదవగానే అర్థమవుతుంది, ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. మీ పదహారు పేజీల రిపోర్టులో మా పాప ‘ఓపెన్ మైండెడ్’ అని మూడుసార్లు ఉంది, తీసివేత వచ్చో రాదో ఒక్కసారి కూడా లేదు.

4. ప్రాజెక్టులు చేసేది తల్లులు.

సాయంత్రం ఏడింటికి యాప్‌లో మెసేజ్ వస్తుంది, రేపటికి పాత గాజులు, నాలుగు రంగుల ఊలు, మూతలున్న సీసాలు ఆరు. కాలనీలో ఉన్న ఒక్క స్టేషనరీ షాపు దగ్గర ఏడున్నరకు మా క్లాసు తల్లులమంతా కలుస్తాం, అదే మా పేరెంట్స్ మీటింగు అయిపోయింది. షాపాయన మీ స్కూలు యూనిట్లు మాకంటే ముందే తెలుసుకుని సరుకు తెప్పించి పెట్టుకుంటాడు. ‘మేడమ్, వచ్చే నెల అగ్నిపర్వతం’ అని ఆయనే చెప్తాడు. కేంద్రం 2020లో తెచ్చిన బడి సంచి విధానం మూడు నుంచి అయిదో తరగతి పిల్లలకు హోంవర్కు వారానికి రెండు గంటలు దాటకూడదంటుంది. హోంవర్కు ఇవ్వడం లేదని మీరు గొప్పగా చెప్తారు, నిజమే, పిల్లలకు ఇవ్వడం లేదు. భర్తా భార్యా ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో ఆ పని రాత్రి పది తర్వాత మొదలవుతుంది. మా క్లాసులో ఒక తల్లి షిఫ్టు డ్యూటీ. ఆమె కొడుకు బొమ్మ వంకరగా ఉంది, ఎందుకంటే వాడే చేసుకున్నాడు. ప్రదర్శన రోజు దాన్ని వెనక బల్ల మీద పెట్టారు.

5. ఖర్చు, ఆ తర్వాతి సంగతి.

ఏడాదికి నాలుగు లక్షల పైన కడుతున్నాం, బస్సు వేరు. దాని పైన తెలుగుకు ఒక ట్యూషన్, లెక్కలకు ఒక ట్యూషన్. అంటే స్కూల్లో నేర్పాల్సిన వాటికి రెండోసారి డబ్బు కట్టి కాలనీలో రిటైరైన మాస్టారి దగ్గర నేర్పించుకుంటున్నాం. మా అందరి జీతాలూ ఎప్పుడూ ఇలాగే ఉంటాయని గ్యారంటీ లేదు. పోయిన ఏడాది మా బ్లాకులో ఒకాయన ఉద్యోగం పోయింది, పిల్లవాణ్ని తెచ్చి సీబీఎస్ఈ స్కూల్లో చేర్పించబోతే అక్కడి టెస్టులో లెక్కలు రాక, ఒక క్లాసు కింద వేస్తామన్నారు. ఆ పిల్లవాడు మీ దగ్గర అన్నింట్లో అచీవింగే. అక్కడి మూడో తరగతికి కేంద్రం పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ 2024లో తెచ్చిన కొత్త పరిసరాల పుస్తకం కూడా కుటుంబం, ఇరుగుపొరుగు నుంచే మొదలవుతుంది. మీ పిల్లలు నైలు నుంచి మొదలుపెడతారు.

6. టీచర్లు. వాళ్ల మీద కోపంతో ఈ లేఖ రాయడం లేదు. ఒకే ఏడాదిలో మా సెక్షన్‌కు ఇద్దరు క్లాస్ టీచర్లు మారారు. యూనిట్ ప్లానర్లు, ఫొటోలు, యాప్‌లో అప్‌లోడ్లు చేసి చేసి వాళ్లకు సొంతంగా ఒక వర్క్‌షీట్ తయారుచేసుకునే టైం ఎక్కడుంటుంది? ప్రింటు తీసి పంచుతారు. తప్పు అక్కడ లేదు.

ఇక మేం అడుగుతున్నవి. స్కూలు యాజమాన్యాన్ని అడిగేవి నాలుగే.

ఒకటి, వచ్చే ఏడాది మూడో తరగతి ఆరు యూనిట్లలో కనీసం మూడు ఇక్కడి నుంచి మొదలవ్వాలి. నది అంటే ముందు మూసీ, తర్వాత నైలు. డబ్బంటే రూపాయలు, రుతువులంటే ఆరు, లేదంటే కనీసం ఎండాకాలం, వానాకాలం, చలికాలం. మీరు ఏ ఐబీ రూలూ మీరక్కర్లేదు, వాళ్ల పుస్తకంలో ఉన్న ‘ఎక్కడ’ అనే మాటకు ఈ ఊరి పేరు రాస్తే చాలు. ఫీల్డ్ ట్రిప్ గండిపేటకు వేయండి, టిఫిన్ మేమే కట్టిస్తాం.

రెండు, తెలుగుకు వారానికి అయిదు పీరియడ్లు, ఒక పుస్తకం, ఆ మేడమ్‌కు ఒక గది, కుర్చీ. ఇంట్లో తెలుగు మాట్లాడని పిల్లలకు వేరే గ్రూపు పెట్టండి. మా క్లాసులో అలాంటివాళ్లు ఏడుగురున్నారు, వాళ్లనీ మా పిల్లలనీ ఒకేచోట కూర్చోబెట్టి ‘అ అంటే అమ్మ’ చెప్తే ఇద్దరికీ నష్టమే. మూడో తరగతి అయ్యేసరికి పిల్ల బస్సు బోర్డు చదవాలి. అంతకంటే పెద్ద పరీక్ష అక్కర్లేదు.

మూడు, రిపోర్టు కార్డులో ఒక్క పేజీ మాకు అర్థమయ్యే భాషలో. చదవడం, రాయడం, కూడిక, తీసివేత, గుణకారం, వీటిలో ఏది వచ్చు, ఏది రాదు. మిగతా పదిహేను పేజీలు మీ ఇష్టం.

నాలుగు, ప్రాజెక్టులు క్లాసులోనే, స్కూలు సామానుతోనే చేయించండి. వంకరగా వస్తే వంకరగానే ముందు బల్ల మీద పెట్టండి.

విద్యాశాఖాధికారి గారూ, మీకు రెండు మనవులు. 2018 చట్టం మా స్కూల్లాంటి చోట్ల ఎలా అమలవుతోందో రిజిస్టర్లు చూసి కాదు, మూడో తరగతిలోకి వెళ్లి ఒక పిల్లను లేపి చదివించి చూడండి. పది నిమిషాల పని. రెండోది, ‘ఇంటర్నేషనల్’ అనే బోర్డు గురించి. ఆ మాట కింద ఐబీ స్కూళ్లున్నాయి, కేంబ్రిడ్జ్ స్కూళ్లున్నాయి, మామూలు సీబీఎస్ఈ స్కూళ్లూ ఉన్నాయి. ఐబీలో మళ్లీ అనుమతి వచ్చిన స్కూలు వేరు, అనుమతి కోసం దరఖాస్తు పెట్టుకుని ‘క్యాండిడేట్’ దశలో ఉన్న స్కూలు వేరు. అడ్మిషన్ల కౌంటర్లో ఈ తేడా ఎవరూ చెప్పరు, చెప్పినా మాకు అర్థమయ్యేలా చెప్పరు. గేటు దగ్గరే, ఫీజుల పట్టిక పక్కన, ఏ సిలబస్, ఏ తరగతి వరకు, అనుమతి వచ్చిందా రాలేదా అని తెలుగులో రాసి పెట్టించండి.

ఇది డబ్బున్నవాళ్ల గోల అని పక్కన పడేయకండి. 2024 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రభుత్వ బళ్లలోనే ఐబీ పెడతామని ఆ సంస్థతో ఒప్పందం చేసుకుంది. ప్రభుత్వం మారాక అది ముందుకు సాగలేదనుకోండి. కానీ ఆ ఆలోచన ఒకసారి వచ్చిందంటే మళ్లీ ఎక్కడో ఒకచోట వస్తుంది. అప్పుడు ఇక్కడ మా పిల్లల మీద జరిగిందే అక్కడా జరుగుతుంది, కాకపోతే అక్కడి తల్లులకు రెండు ట్యూషన్లు పెట్టించే స్తోమత ఉండదు.

ప్రిన్సిపల్ గారూ, ఈ నెలాఖరులోపు ఏదైనా ఒక శనివారం మమ్మల్ని పిలవండి. ఉద్యోగాలు చేసేవాళ్లం, పొద్దున పది తర్వాత అయితే 31 మందిమీ వస్తాం. కోఆర్డినేటర్ గారితో పాటు తెలుగు మేడమ్ కూడా ఆ గదిలో ఉండాలి, ఆవిడకు కుర్చీ వేయించండి. మీటింగు తేదీ చెప్పడానికైనా ఆ వాట్సాప్ గ్రూపు తాళం ఒకసారి తీయండి. నెలాఖరు దాటితే ఇదే లేఖను మా సంతకాలతో సహా జిల్లా విద్యాశాఖాధికారి గారి కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకుంటాం.

ఇట్లు,
మూడో తరగతి చదువుతున్న ఒక విద్యార్థిని తల్లి,
ఇంకో 30 మంది తల్లిదండ్రుల తరఫున